1970 సీ10 పికప్‌కి ఎలక్ట్రిక్ పవర్ స్టీరింగ్: ప్రాజెక్టు డైరీ

బండి 1970 షెవ్రొలే సీ10, లాంగ్ బెడ్, టూ వీల్ డ్రైవ్. ఇంజిన్ 350 వీ8, గేర్‌బాక్సు ఎస్ఎమ్465, గేర్ లివర్ నేల మీద. స్టీరింగు ఫ్యాక్టరీ నుంచి వచ్చిన మాన్యువల్ సాగినా బాక్సు (చక్రం తిప్పుడుని ముందు టైర్లకి అందించే గేర్ల పెట్టె). బండి టెక్సస్‌లో ఉంది, రోజువారీ వాడకానికి. హైవే మీద ఇబ్బందేమీ లేదు. పార్కింగులోనే భుజాలు పట్టేస్తున్నాయి. ఇంజిన్ ముందు పంపు, బెల్టు, గొట్టాలు పెట్టకుండా, అసలు స్టీరింగ్ బాక్సు మార్చకుండా, డ్యాష్‌బోర్డు కింద కాలమ్‌లోనే (స్టీరింగ్ చక్రం నుంచి కిందికి వెళ్లే షాఫ్టు, దాని గొట్టం) మోటారు కూర్చోబెట్టి ఆ బరువు తగ్గించడమే ఈ పని.

హైడ్రాలిక్ ఎందుకు వద్దనుకున్నామో ముందే చెప్పాలి. సీ10కి ఫ్యాక్టరీ పవర్ బాక్సు ఉంది, పంపు బ్రాకెట్లు దొరుకుతాయి, పని తేలిక. ఎప్పుడూ ట్రైలర్ లాగే బండికి అదే మేలని మా అభిప్రాయం. ఈ బండికి హెడర్లు (ఇంజిన్ పొగ బయటికి పోయే గొట్టాలు) ఉన్నాయి. వేడి గొట్టాల పక్కన ప్రెషర్ హోసు పోనివ్వడం మాకు ఇష్టం లేదు.

ఇంకో షరతు. గేర్ లివర్ కాలమ్ మీద ఉన్న బండికి ఇక్కడ రాసిన పద్ధతి నేరుగా పనికిరాదు. ఆ బండ్లలో గేరు మార్చే గొట్టం కాలమ్ పొడవునా ఫైర్‌వాల్ (క్యాబ్‌కీ ఇంజిన్‌కీ మధ్య రేకు గోడ) దాకా వెళుతుంది, మధ్యలో కోస్తే గేర్లు పోతాయి. ముందు గేర్ లివర్ నేల మీదికి దించాలి. 1967 నుంచి 72 దాకా వచ్చిన ఈ ట్రక్కుల్లో తాళం చెవి కాలమ్‌లో కాకుండా డ్యాష్‌లో ఉండటం మాత్రం మనకు కలిసొచ్చింది. కాలమ్ కోసినా స్టీరింగ్ లాక్ గొడవ ఉండదు.

ముందు కొలతలు

ఏ పార్టూ విప్పకముందే లెక్క రాసిపెట్టుకున్నాం. సిమెంటు నేల మీద బండి నిలిపి, ముందు టైర్లు 235/75ఆర్15, గాలి 35 పీఎస్ఐ. స్టీరింగు చక్రం అంచుకి స్ప్రింగ్ కాటా తగిలించి లాగితే 14 కిలోల దగ్గర చక్రం కదిలింది. చక్రం వ్యాసం 17 అంగుళాలు, అంటే అర మీటరుకు తక్కువ వెడల్పు. దాన్నిబట్టి షాఫ్టు మీద సుమారు 30 న్యూటన్ మీటర్ల టార్కు. ఇదే కొలత ఆ చివర నుంచి ఈ చివర దాకా అయిదారు చోట్ల తీసుకోవాలి. అన్నిచోట్లా దాదాపు ఒకటే వస్తే బాక్సు ఆరోగ్యంగా ఉన్నట్టు. ఒకచోట ఒక్కసారిగా పెరిగితే అక్కడ ఏదో పట్టేస్తోంది.

తర్వాత ముందు భాగం జాకీ ఎత్తి స్టాండ్ల మీద పెట్టి మళ్లీ కొలిచాం. టైరు నేలను తాకనప్పుడు కాటా రెండు కిలోలు కూడా చూపకూడదు. ఈ బండిలో కుడివైపు తిప్పేటప్పుడు మూడు దాటింది. ఐడ్లర్ ఆర్మ్ (స్టీరింగు లింకేజిని బాక్సుకి అవతలి వైపు మోసే చేయి) బుషింగు ఎండిపోయి తుప్పు పట్టింది.

ఈ ప్రాజెక్టులో అన్నిటికన్నా ముఖ్యమైన మాట ఇక్కడే చెప్పాలి. మోటారు పెట్టాక ఇలాంటి లోపాలు చేతికి తెలియవు. పట్టేసిన బాల్ జాయింటును కూడా మోటారు తిప్పేస్తుంది. తిప్పాక చక్రం వెనక్కి రాదు, హైవే మీద బండి అటూఇటూ వెతుక్కుంటూ పోతుంది, అప్పుడు అందరూ మోటారుని నడిపే కంట్రోలర్‌ని తిడతారు. మాన్యువల్‌గా బాగా తిరిగే బండికే మోటారు పెట్టాలి. బాగా తిరగని బండికి మోటారు పెడితే రోగం అలాగే ఉండి, తెలిసే దారి మూసుకుపోతుంది.

అందుకని ఐడ్లర్ ఆర్మ్, రెండు బయటి టై రాడ్ ఎండ్లు, కింది బాల్ జాయింట్లు కొత్తవి వేశాం. బాక్సులో పాత గ్రీజు తీసి కొత్తది నింపాం. బాక్సు లూజు సరిచేసేటప్పుడు వరస ముఖ్యం. పిట్‌మన్ ఆర్మ్ (బాక్సుని లింకేజికి కలిపే చేయి) విప్పి, ముందు వర్మ్ బేరింగు బిగువు, తర్వాతే పైన సెక్టర్ స్క్రూ. ఈ రెండో సర్దుబాటు బాక్సు సరిగ్గా మధ్యలో ఉన్నప్పుడే చేయాలి. చాలామంది పైస్క్రూ ఒక్కటే బిగించి లూజు పోయిందనుకుంటారు. మధ్యలో పట్టేసేది అలాంటి బాక్సులే. లింకేజి ఊడదీసి ఉన్నప్పుడు చక్రాన్ని చివరిదాకా తిప్పి గట్టిగా కొట్టకూడదు, లోపలి బాల్ గైడ్లు దెబ్బతింటాయి. బిగువు ఎంతుండాలో షాప్ మాన్యువల్‌లో ఇంచ్-పౌండ్లలో ఉంటుంది. చిన్న బీమ్ రకం టార్క్ రెంచ్‌తో చూసుకోవాలి, అందాజాగా బిగించే పని కాదిది.

కాలమ్ ఎక్కడిది

2002 నుంచి 2007 దాకా వచ్చిన మొదటి తరం శాటర్న్ వ్యూ కాలమ్ తీసుకున్నాం. పాత బండ్లవాళ్లు దీన్నే ఎక్కువగా ఎంచుకోవడానికి కారణముంది. బండిలోని కంప్యూటర్ల నుంచి సమాచారం అందకపోయినా దీని మాడ్యూలు (మోటారుని నడిపే ఎలక్ట్రానిక్ పెట్టె) పూర్తిగా చేతులెత్తేయదు, ఒక స్థిరమైన సాయంతో పనిచేస్తూ ఉంటుంది. ఈ కాలమ్ డెల్ఫీ సాగినా వాళ్లది, ఇప్పుడు నెక్స్‌టీర్ అంటున్నారు. సీ10 బాక్సు కూడా జనరల్ మోటార్స్‌కి చెందిన ఆ సాగినా స్టీరింగ్ విభాగానిదే. మిషిగన్‌లోని ఒకే ఊరి కంపెనీ ముప్పై ఏళ్ల తేడాతో చేసిన రెండు పార్టులు ఇప్పుడు ఒకే షాఫ్టుకి రెండు చివర్లా ఉన్నాయి.

షెవ్రొలే కోబాల్ట్ కాలమ్ చవకగా దొరుకుతుంది, చూడటానికి ఇలాగే ఉంటుంది. పవర్ స్టీరింగ్ సాయం ఉన్నట్టుండి ఆగిపోతోందని 2010 మార్చిలో జనరల్ మోటార్స్ 2005-10 కోబాల్ట్‌లనూ, దాని తోబుట్టువు పాంటియాక్ జీ5నూ వెనక్కి పిలిచింది. అమెరికా, కెనడా, మెక్సికోల్లో కలిపి 13 లక్షల బండ్లు. 2014లో మాలిబు, హెచ్‌హెచ్‌ఆర్, శాటర్న్ అయాన్ లాంటివి ఇంకో వరసలో వెళ్లాయి. జంక్ యార్డులో దొరికిన కాలమ్‌కి ఆ రిపేరు జరిగిందో లేదో తేల్చుకోలేం. కాబట్టి ఆ జాబితాలోని కాలమ్‌ల జోలికి వెళ్లకపోవడమే మంచిది.

యార్డులో తీసుకునేటప్పుడు కాలమ్, దాని మాడ్యూలు ఒకే బండివి కావాలి. వేరువేరు బండ్లవి కలిపితే సెన్సర్ మధ్యబిందువు తేడా వచ్చి ఒకవైపు తేలిగ్గా, ఇంకోవైపు బరువుగా తిరుగుతుంది. కనెక్టర్లన్నీ కనీసం 30 సెంటీమీటర్ల వైరుతో కోసి తెచ్చుకోవాలి. షాఫ్టు చేత్తో తిప్పి చూడాలి. గరగర ఉంటే వర్మ్ చక్రం అరిగిందని. అది ప్లాస్టిక్ పళ్ల చక్రం, బాగుచేయడం కుదరదు. ఎయిర్‌బ్యాగ్ పేలిన బండి కాలమ్ వద్దు. గుద్దినప్పుడు ముడుచుకోవలసిన గొట్టం అప్పటికే ముడుచుకుని ఉంటుంది.

తెలుగు రాష్ట్రాల్లో చదివేవాళ్లకి ఒక మాట. కాలమ్ మీద మోటారు పెట్టిన ఎలక్ట్రిక్ స్టీరింగ్ మొదట కనిపించింది 1988 సుజుకీ సెర్వోలో, ఆ వారసత్వమే మన మారుతి బండ్లది. పాత జీపులకి మారుతి కాలమ్ బిగించే మెకానిక్‌లు అక్కడా ఉన్నారు. షాఫ్టు, బ్రాకెట్, గ్రౌండు గురించి కింద రాసిందంతా వాటికీ వర్తిస్తుంది. కంట్రోలర్ సంగతి మాత్రం వేరు. ఇంజిన్ తిరుగుతోందన్న సిగ్నలు, వేగం సిగ్నలు ఆ మాడ్యూలు అడుగుతుందేమో చూసుకోవాలి. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం కంపెనీ ఇచ్చిన వివరాలకు విరుద్ధంగా బండిని మార్చకూడదన్న నిబంధనా ఉంది. రవాణా శాఖలో అడిగాకే మొదలుపెట్టండి.

మోటారు ఎక్కడ కూర్చుంటుంది, దాన్ని ఎవరు పట్టుకుంటారు

సీ10 పై కాలమ్‌ని అలాగే ఉంచాం: చక్రం, హారను, ఇండికేటర్ స్విచ్చి అన్నీ పాతవే. వ్యూ కాలమ్ నుంచి మధ్యభాగం, అంటే టార్క్ సెన్సర్, వర్మ్ గేరు, మోటారు ఉన్న దిమ్మ ఒక్కటే తీసుకున్నాం. పై గొట్టం, కింది షాఫ్టు కోసేశాం. ఒక్కటి గుర్తుంచుకోవాలి. ఆ దిమ్మని తెరవకూడదు. లోపల పై షాఫ్టుకీ కింది షాఫ్టుకీ మధ్య సన్నటి టార్షన్ బార్ ఉంటుంది. అది ఎంత మెలిక పడిందో సెన్సర్ చూసి మోటారుకి చెబుతుంది. ఆ రెండు షాఫ్టుల్ని ఒక్కసారి విడదీస్తే ఫ్యాక్టరీలో పెట్టిన మధ్యబిందువు పోతుంది, ఇంట్లో తిరిగి పెట్టలేం.

కార్డుబోర్డుతో దిమ్మ నమూనా చేసి డ్యాష్ కింద తిప్పి చూశాం. బ్రేకు, క్లచ్ పెడళ్లు పైనుంచి వేలాడే రకం, ఎడమ పక్కన పార్కింగ్ బ్రేకు పెడలు ఉంది. మోటారు కుడివైపుకి, కొంచెం పైకి తిప్పి పెడితేనే క్లచ్ పెడలు పూర్తిగా తొక్కినప్పుడు 20 మిల్లీమీటర్ల ఖాళీ మిగిలింది. అంతకన్నా తక్కువ వద్దు. పెడల్ బుషింగులు అరిగేకొద్దీ పెడలు పక్కకి ఊగుతుంది.

ఇప్పుడు బ్రాకెట్. చాలామంది తేలిగ్గా తీసుకునే భాగం ఇదే. మోటారు షాఫ్టుని ఒకవైపు తిప్పితే దిమ్మ రెండోవైపు తిరగాలని చూస్తుంది. షాఫ్టు మీద 40 న్యూటన్ మీటర్ల సాయం వస్తోందనుకుందాం. దిమ్మని పట్టుకున్న బోల్టు మధ్య నుంచి 80 మిల్లీమీటర్ల దూరంలో ఉంటే దాని మీద పడే బలం 500 న్యూటన్లు, అంటే దాదాపు 50 కిలోలు. అదీ ఒక దిక్కున కాదు, చక్రం తిప్పిన ప్రతిసారీ అటూ ఇటూ మారుతూ. డ్యాష్ కింది పల్చటి రేకుకి ఒక యూ క్లాంప్ వేసి వదిలేస్తే కొన్ని నెలల్లో రేకు చిరుగుతుంది. అంతకుముందే ఇంకో గుర్తు కనిపిస్తుంది. చక్రం కదపగానే డ్యాష్ కూడా కాస్త కదులుతుంది, సాయం ఒక క్షణం ఆలస్యంగా మొదలైనట్టు అనిపిస్తుంది.

ఈ బండిలో వేసినది 5 మిల్లీమీటర్ల ఇనుప పలకతో చేసిన త్రికోణం. దిమ్మకి ఉన్న అసలు నాలుగు బోల్టు రంధ్రాలూ వాడాం. పలక ఒక కొస పెడళ్లు వేలాడే బ్రాకెట్‌కి, రెండో కొస కాలమ్‌ని పట్టే అసలు డ్యాష్ బ్రాకెట్‌కి, మూడోది ఫైర్‌వాల్‌కి. ఫైర్‌వాల్ అవతల ఇంజిన్ వైపు 3 మిల్లీమీటర్ల పలకని వెనకదన్నుగా పెట్టాం. బోల్టులు 3/8 అంగుళం, గ్రేడ్ 8, లాక్ నట్లతో. ఇలా మూడు చోట్ల పట్టాక చక్రాన్ని ఎంత గట్టిగా తిప్పినా దిమ్మ పక్కన పెట్టిన డయల్ గేజి ముల్లు అర మిల్లీమీటరు దాటలేదు.

వెల్డింగు గురించి హెచ్చరిక. 1967-72 సీ10లో పెట్రోలు ట్యాంకు క్యాబ్ లోపలే, సీటు వెనక ఉంటుంది, సుమారు 20 గ్యాలన్లు. డ్యాష్ కింద వెల్డింగు చేయడమంటే నిండా ఆవిరి ఉన్న ట్యాంకుకి మీటరు దూరంలో నిప్పురవ్వలు లేపడం. ట్యాంకు ఖాళీ చేసినా ఆవిరి ఉంటుంది, అదే ఇంకా ప్రమాదం. బ్రాకెట్ మొత్తం క్యాబ్‌లో కేవలం క్లాంపులతో అమర్చి, గుర్తులు గీసి, బయటికి తీసి బల్ల మీదే వెల్డు చేశాం. క్యాబ్ లోపల డ్రిల్లు తప్ప వేరే పని జరగలేదు.

షాఫ్టులు, జాయింట్లు

పై భాగంలో సీ10 షాఫ్టుకీ దిమ్మ ఇన్‌పుట్‌కీ మధ్య గొట్టపు తొడుగు వేశాం. 1 అంగుళం బయటి వ్యాసం, 1/8 అంగుళం మందం ఉన్న డీఓఎమ్ (సైజు కచ్చితంగా ఉండే) గొట్టం, లోపల సరిగ్గా 3/4 అంగుళం. రెండు షాఫ్టులనీ లేతు మీద ఆ సైజుకి తెచ్చి, ఒక్కోవైపు 40 మిల్లీమీటర్లు లోపలికి పోయేలా పెట్టాం. ఒక్కోవైపు రెండు ప్లగ్ వెల్డులు, చివర చుట్టూ పూర్తి వెల్డు. సెన్సర్ పక్కనే వెల్డు చేయకూడదు. కనీసం 100 మిల్లీమీటర్ల దూరం, తడి గుడ్డ చుట్టి, కొంచెం కొంచెంగా. మాడ్యూలు విప్పి పక్కన పెట్టాలి. వెల్డింగు మెషీన్ గ్రౌండు క్లాంపు వెల్డు చేసే షాఫ్టుకే పెట్టాలి, దిమ్మకి పెడితే కరెంటు బేరింగుల గుండా, సెన్సర్ గుండా పోతుంది. స్టీరింగ్ షాఫ్టు వెల్డు విరిగితే బండి మన చేతిలో ఉండదు. చేతి నైపుణ్యం మీద అనుమానమున్నవాళ్లు ఈ ఒక్క ముక్క సర్టిఫికెట్ ఉన్న వెల్డర్‌కి ఇవ్వండి, లేదా ఫ్యాక్టరీలో స్ప్లైన్ కోసిన కప్లర్ కొనండి.

కింది భాగం పూర్తిగా కొత్తది. బాక్సు దగ్గర ఫ్యాక్టరీ రాగ్ జాయింటు, అంటే రబ్బరు గుడ్డ బిళ్లతో చేసిన కప్లింగు, తీసేశాం. మోటారు సాయం దాని మీదుగానే బాక్సుకి చేరాలి. యాభై ఏళ్ల రబ్బరు అంత మెలికకి నిలవదు. పైగా అది మెత్తగా ఉంటే చక్రం మధ్యలో స్పర్శ పోతుంది. దాని బదులు నీడిల్ బేరింగు యూ జాయింటు. బాక్సు ఇన్‌పుట్ షాఫ్టు పళ్లు ఎన్నో లెక్కపెట్టకుండా జాయింటు ఆర్డరు చేయొద్దు. 3/4 అంగుళం షాఫ్టులో 30 పళ్లదీ ఉంటుంది, 36 పళ్లదీ ఉంటుంది, ఒకదాని జాయింటు ఇంకోదానికి ఎక్కదు. సుత్తితో ఎక్కించినా అది ఎక్కినట్టు కాదు.

జాయింట్ల మధ్య 3/4 అంగుళం డీడీ షాఫ్టు (రెండు ఎదురు పక్కలు బల్లపరుపుగా ఉన్నది), ఒక చోట జారే 1 అంగుళం డీడీ గొట్టం. ఈ జారే భాగం రెండు పనులకి. క్యాబ్ రబ్బరు దిమ్మల మీద, బాక్సు ఛాసిస్ మీద ఉంటాయి కాబట్టి గతుకుల్లో వాటి మధ్య దూరం మారుతుంది. రెండోది, ముందు నుంచి గుద్దినప్పుడు షాఫ్టు ముడుచుకుపోవాలి, డ్రైవరు ఛాతీ వైపు రాకూడదు. జారే చోట కనీసం 50 మిల్లీమీటర్లు ఒకదాంట్లో ఒకటి ఉండేలా చూసుకున్నాం.

కోణాలు. యూ జాయింటు వంగి ఉన్నప్పుడు తిప్పిన వేగంతో సమానంగా అవతలి షాఫ్టు తిరగదు. 15 డిగ్రీల వంపులో ఈ తేడా 0.97 నుంచి 1.04 రెట్ల దాకా ఊగుతుంది, చేతికి తెలియదు. 30 డిగ్రీలకి 0.87 నుంచి 1.15 దాకా పోతుంది, అది బాగా తెలుస్తుంది. రెండు జాయింట్లు సమానంగా వంచి, మధ్య షాఫ్టు మీద రెండు యోకుల (జాయింటులోని పంగ ముక్కల) చెవులు ఒకే వరసలో పెడితే ఒకదాని తేడాని ఇంకోటి కొట్టేస్తుంది. చెవులు 90 డిగ్రీలు తప్పితే రెండూ కలిసి ఇంకా పెరుగుతుంది. డీడీ షాఫ్టుకి రెండు బల్లపరుపు ముఖాలే కాబట్టి, ఒకవైపు జాయింటు వేసే ముందు యోకు ఏ దిక్కున ఉందో మార్కరుతో గీత పెట్టుకోవాలి.

ఈ బండిలో పై వంపు 18, కింది వంపు 20 డిగ్రీలు వచ్చాయి, రెండు జాయింట్లతోనే సరిపోయింది. మూడు జాయింట్లు వేయక తప్పని చోట మధ్య షాఫ్టుకి ఆధారంగా రాడ్ ఎండ్ బేరింగు తప్పనిసరి, లేకపోతే షాఫ్టు మెలికలు తిరిగి పట్టేస్తుంది. హెడర్ గొట్టానికి 25 మిల్లీమీటర్ల దూరం, మధ్యలో చిన్న హీట్ షీల్డు. సెట్ స్క్రూలు బిగించే చోట షాఫ్టు మీద డ్రిల్లుతో చిన్న గుంట తీసి, నీలం లాక్‌టైట్ (మరలు వదులు కాకుండా పట్టే జిగురు) వేసి, పైన లాక్ నట్టు. గుంట లేకుండా బిగించిన స్క్రూ ఎంత గట్టిగా ఉన్నా నెమ్మదిగా జారుతుంది.

కరెంటు

నేరుగా వెళ్లేటప్పుడు ఈ మోటారు పెద్దగా ఏమీ తీసుకోదు. నిలబడ్డ బండిని చివరిదాకా తిప్పితే క్లాంప్ మీటరు 45 ఆంపియర్లు దాటింది. 1970 నాటి ఆల్టర్నేటరు 37 ఆంపియర్ల డెల్కోట్రాన్, అదీ ఇంజిన్ వేగంగా తిరిగినప్పుడు. ఐడ్లింగులో అందులో సగం కూడా రాదు. రాత్రి పార్కింగులో హెడ్‌లైట్లు, హీటరు ఫ్యాను, స్టీరింగు అన్నీ ఒకేసారి అడుగుతాయి. 94 ఆంపియర్ల 12ఎస్ఐ ఆల్టర్నేటరు వేశాం. రెగ్యులేటరు దాని లోపలే ఉంటుంది కాబట్టి పాత బయటి రెగ్యులేటరు వైర్లు మార్చాలి. ఛార్జింగ్ వైరు కూడా 6 గేజ్‌కి పెంచాం (గేజ్ అంకె తగ్గేకొద్దీ వైరు మందం). అమ్మీటరు ఉన్న బండ్లలో ఇక ఆ ముల్లు పెద్దగా కదలదు. అది వైరులో పడే వోల్టేజిని బట్టే చదువుతుంది, మందపు వైరులో ఆ తేడా తగ్గిపోతుంది. వోల్టుమీటరు పెట్టుకోవడం నయం.

బ్యాటరీ కుడివైపు ముందు, మాడ్యూలు ఎడమవైపు డ్యాష్ కింద. ఒక్కో వైరు 2.8 మీటర్లు, పోనూ రానూ 5.6 మీటర్లు. 50 ఆంపియర్లకి లెక్క వేస్తే 10 గేజ్‌లో 0.9 వోల్టులు, 8 గేజ్‌లో 0.58, 6 గేజ్‌లో 0.36 వోల్టులు దారిలోనే పోతాయి. 6 గేజ్ వేశాం, ఎరుపు ఒకటి, నలుపు ఒకటి. నలుపు కూడా బ్యాటరీ నెగెటివ్ దాకా నేరుగా. క్యాబ్ రేకుకి గ్రౌండు ఇవ్వడం ఈ పనిలో తరచూ జరిగే పొరపాటు. క్యాబ్ రబ్బరు దిమ్మల మీద ఉంటుంది, దానికీ ఛాసిస్‌కీ మధ్య ఉన్నది పాత సన్నటి జడ వైరు ఒక్కటే. స్టీరింగు తిప్పినప్పుడల్లా డ్యాష్ లైట్లు మసకబారితే అనుమానించాల్సింది ఆ జడనే.

బ్యాటరీ నుంచి 18 సెంటీమీటర్ల లోపు 60 ఆంపియర్ల మిడి ఫ్యూజు. మాడ్యూలుని లేపే ఇగ్నిషన్ వైరుకి విడిగా 5 ఆంపియర్ల ఫ్యూజు, పాత ఫ్యూజు బాక్సులో ఐజీఎన్ అని ఉన్న చోట నుంచి. బ్యాటరీ నుంచి నేరుగా ఇస్తే రాత్రంతా మేల్కొని ఉండి బ్యాటరీ దించేస్తుంది.

ఇంత చేశాక కూడా ఐడ్లింగులో వేగంగా తిప్పితే సాయం ఒక్కసారి ఆగి మళ్లీ వచ్చింది. బ్యాటరీ దగ్గర 12.6 ఉంది, అక్కడ చూసినంతకాలం కారణం దొరకదు. మాడ్యూలు పిన్నుల మీదే మీటరు పెట్టి తిప్పితే 10.9కి పడిపోతోంది. మధ్యలో 0.36 పోవలసిన చోట 1.7 పోతోంది. ఒక్కో జాయింటు దాటుతూ కొలిస్తే యార్డు నుంచి తెచ్చిన కనెక్టరు దగ్గర దొరికింది. పిన్ను లోపల పచ్చటి పొడి, వైరు పోగులు సగం నల్లబడి ఉన్నాయి. నల్లబడిన చోట దాకా కోసి, కొత్త టెర్మినల్ క్రింప్ చేసి, జిగురున్న హీట్ ష్రింకు వేస్తే తేడా 0.4కి వచ్చింది.

మొదటిసారి ఆన్ చేయడం

చక్రాలు గాల్లో, కింది షాఫ్టు బాక్సు నుంచి విప్పి, 60 బదులు 15 ఆంపియర్ల ఫ్యూజు పెట్టి ఆన్ చేశాం. చక్రం మీద చేతులు ఉండకూడదు. సెన్సర్ వైర్లు ఎక్కడైనా తారుమారైతే చక్రం తనంతట తానే గిర్రున తిరుగుతుంది, స్పోకులో వేలు ఉంటే విరుగుతుంది. తిరగలేదు. కాలమ్ సెన్సర్‌లో ఎదురెదురుగా నడిచే రెండు సిగ్నళ్లు ఉంటాయి, ఒకటి పెరిగితే ఇంకోటి తగ్గాలి. చక్రం వదిలేసినప్పుడు రెండూ దాదాపు సమానంగా ఉన్నాయో లేదో మీటరుతో చూసుకుని, అప్పుడు బాక్సుకి కలిపి అసలు ఫ్యూజు పెట్టాం.

మాడ్యూలుకి బయట నుంచి కలిపే కంట్రోల్ బాక్సులు రెండు రకాలు. ఒకటి టార్క్ సెన్సర్ సిగ్నలునే మార్చి మాడ్యూలుని నమ్మిస్తుంది. రెండోది సెన్సర్‌ని ముట్టుకోకుండా వేగం సంగతి మాడ్యూలుకి చెబుతుంది. రెండోదే తీసుకోండి. చక్రాన్ని తిప్పాలా వద్దా అని నిర్ణయించే సిగ్నలు మధ్యలో ఇంకో పెట్టె కూర్చోవడం మంచిది కాదు. నాబ్‌తో సాయం మార్చే రకం చవక, కానీ పార్కింగులో పెంచిన నాబ్‌ని హైవే ఎక్కేముందు తగ్గించడం మరచిపోతే 70 మైళ్ల వేగంలో చిటికెన వేలికే బండి లైను మారుతుంది. స్పీడోమీటరు కేబులు మధ్యలో పల్స్ జనరేటరు వేశాం. ఈ కేబులు మైలుకి 1000 చుట్లు తిరుగుతుంది, చుట్టుకి 4 పల్సులు, అంటే 60 మైళ్ల వేగంలో సెకనుకి సుమారు 67. కంట్రోలర్‌లో మైలుకి 4000 అని పెడితే సరిపోయింది. టైరు సైజు మారిస్తే ఇదీ మారుతుంది.

రోడ్డు మీద

నిలబడ్డ బండిలో అంచు దగ్గర 14 కిలోలుండేది 4కి తగ్గింది. ఇంకా తగ్గించొచ్చు, తగ్గించలేదు. బాక్సు నిష్పత్తి మాన్యువల్‌దే కాబట్టి చక్రం తిప్పాల్సిన చుట్లు మాత్రం తగ్గవు, అయిదుకి పైనే. త్వరగా తిరిగే స్టీరింగు కావాలంటే బాక్సే మార్చాలి.

మొదటి పరుగులో మలుపు తర్వాత చక్రం మధ్యకి బద్ధకంగా వచ్చింది. ఇది మోటారు లోపం కాదు. మాన్యువల్ బండ్లకి చేతి బరువు తగ్గించాలని కాస్టరు (టైరు తిరిగే ఇరుసు వెనక్కి వాలిన కోణం) తక్కువ పెట్టేవారు. ఇప్పుడు వర్మ్ గేరునీ మోటారునీ కూడా వెనక్కి తిప్పుకుంటూ టైరు మధ్యకి రావాలి. అలైన్‌మెంట్‌లో పై ఆర్మ్ షిమ్‌లు మార్చి కాస్టరు రెండువైపులా పాజిటివ్ 4 డిగ్రీలకి తెచ్చాం, టో ఇన్ (ముందు టైర్ల ముందుకొసలు లోపలికి మళ్లి ఉండటం) 1/8 అంగుళం. చక్రం ఇప్పుడు తనంతట తాను తిరిగి వస్తోంది, 65 మైళ్లలో నేరుగా నిలబడుతోంది. పెరిగిన కాస్టరు బరువు మోటారు మోస్తుంది.

లోపం ఎక్కడుందో చేతికి తెలిసే తీరు ఇలా: ప్రతి అర చుట్టుకీ ఒకసారి బరువెక్కితే యూ జాయింటు కోణమో యోకుల వరసో చూడాలి. ఒకవైపే తేలికైతే సెన్సర్ మధ్యబిందువు, లేదా కాలమ్ ఎక్కడో రాసుకోవడం. ఐడ్లింగులోనే సాయం పోతే వోల్టేజి. చివరిదాకా తిప్పి అలాగే పట్టుకుంటే కాసేపటికి సాయం తగ్గడం లోపం కాదు, మాడ్యూలు వేడిని కాచుకుంటోంది.

ఆఖరి పరీక్ష ఖాళీ మైదానంలో 15 మైళ్ల వేగంతో, పక్క మనిషి 5 ఆంపియర్ల ఫ్యూజు పీకేస్తే. స్టీరింగు పాత మాన్యువల్ కన్నా కొంచెం బరువుగా, కానీ తిరుగుతూనే ఉంది. బండి నడిపే ప్రతి ఒక్కరూ ఒకసారి ఇలా నడిపి చూడాలి. 2025 జనవరి 1 నుంచి టెక్సస్‌లో సొంత బండ్లకి ఏటా చేసే సేఫ్టీ ఇన్‌స్పెక్షన్ ఎత్తేశారు, కాబట్టి ఈ వెల్డుల్నీ బోల్టుల్నీ మన బదులు చూసేవాళ్లు ఎవరూ లేరు.

మిగిలిన పని: ఫైర్‌వాల్ దగ్గర షాఫ్టు చుట్టూ రబ్బరు బూటు, రేడియోలో ఏఎమ్ పెట్టినప్పుడు స్టీరింగు తిప్పితే గీరినట్టు వచ్చే శబ్దానికి పవర్ వైరు మీద ఫెర్రైట్ కడియం, 500 మైళ్ల తర్వాత సెట్ స్క్రూలూ బ్రాకెట్ బోల్టులూ మళ్లీ బిగువు చూడటం. ప్రతి బోల్టు తల మీదుగా బ్రాకెట్‌కి పసుపు పెయింటు గీత పెట్టాం. గీత విరిగితే బోల్టు కదిలినట్టే.